తీరిక దొరికాక చెల్లెలి ఊరు

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ విశాఖపట్నానికి చాలాసార్లు వెళ్లాను గానీ, ఊరు చూసింది లేదు. మాది కొత్తగూడెం. బొగ్గు గనిలో కూలీల భద్రత చూసుకునే సర్దారు పని. సెలవు దొరకడమే గగనం కాబట్టి, చెల్లెలింట్లో ఏ గృహప్రవేశమో, మేనకోడలి పెళ్లో ఉంటే పొద్దున దిగి, భోజనం చేసి, అదే రోజు తిరుగు రైలెక్కేవాణ్ణి. మా విమల గేటు దాకా వచ్చేది. "ఒక్కరోజుండు అన్నా, సముద్రం సూపిస్త" అనేది. ఏళ్ల తరబడి ఇక్కడ ఉండి దాని మాట సగం మాది, సగం వీళ్లది అయిపోయింది. "రిటైరయ్యాక నెల రోజులుంటా, నువ్వే పొమ్మంటవు చూడు" అనేవాణ్ణి నేను.

నేను రిటైరైన ఏడాదే విమల కిడ్నీల జబ్బుతో పోయింది. మొన్న మార్గశిరంలో ఆమె ఏడాది, అదే సంవత్సరీకం. దానికి మూడు రోజులు ముందే రమ్మని బావ ఫోన్ చేశాడు.

"ఇప్పుడేటి, డ్యూటీ ఉందేటి నీకు? వొచ్చీ బావ. తను సూపిత్తానన్న ఊరు నాను సూపిత్తాను."

బావ అంటే విమల భర్త అప్పలనాయుడు. బావ కాకముందు నా స్నేహితుడు. వయసులో ఉన్నప్పుడు మా గని వర్క్‌షాపులో ఫిట్టర్ పని నేర్చుకోవడానికి వచ్చి, మా పక్క గదిలో అద్దెకు దిగాడు. మా అమ్మ చేతి జొన్నరొట్టె తినడం నేర్చుకున్నాడు. విశాఖ పోర్టులో క్రేన్ మీద ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ, నన్ను స్టేషనులో పక్కకు పిలిచి, మా చెల్లెలిని తనకిమ్మని అడిగాడు. అంత దూరం ఇవ్వనని నాన్న మొండికేస్తే నేనే పూచీ పడి ఒప్పించాను. ఆ పూచీకి బావ ఎన్నడూ మచ్చ రానీయలేదు.

నా భార్య లక్ష్మికి మోకాళ్ల నొప్పులు. ఒక్కణ్ణే బయలుదేరాను.

గాజువాక

దిగేసరికి ముసురు. సముద్రంలో అల్పపీడనం పట్టిందట. మా వైపు వానంటే ఉరిమి, కురిసి, వెళ్లిపోతుంది. ఇక్కడి ముసురు ఇంటికొచ్చిన చుట్టంలా కూర్చుంటుంది. చొక్కా తడవదు, ఆరదు. ఉప్పుగాలికి ఇంటి గేటు రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయి ఉంది. మా ఊళ్లో ఒకసారి రంగేస్తే పిల్లలు పెద్దయ్యేదాకా చూసుకోనక్కర్లేదు.

ఇంటికి ఎవరొచ్చినా గుమ్మం ముందు కాళ్లకు నీళ్లివ్వడం మా ఇంటి పద్ధతి. ఇరుగుపొరుగు నవ్వినా విమల ఇక్కడ కూడా ఆ పద్ధతి మానలేదు. బావ తాళం తీసి తిన్నగా లోపలికి వెళ్లిపోయాడు. నేను పెరట్లో కుళాయి వెతుక్కుని కాళ్లు కడుక్కుని వచ్చాను.

మూడు గదుల ఇల్లు. రెండు గదుల తలుపులు మూసి ఉన్నాయి. ముందుగదిలో మంచం, టీవీ, మందుల డబ్బా, దండెం మీద లుంగీలు. మొత్తం సంసారం ఆ ఒక్క గదిలోకి వచ్చేసింది. బావ ఉప్మా చేశాడు. ఉండలు కట్టింది.

"ఏడాది నుంచి సేత్తన్నాను గానీ రాటం లేదు బావా," అన్నాడు.

"మంచిగనే ఉన్నది," అన్నాను. ఇద్దరం నీళ్లు తాగుతూ మింగాం.

ఆర్కే బీచ్

సాయంత్రం బస్సులో బీచికి తీసుకెళ్లాడు. ఊరంతా అక్కడే ఉంటుందని విన్నాను గానీ, ఆ రోజు కుక్కలూ, మేమూ, గొడుగు కింద మురీ మిక్చర్ అమ్మే ఒక ముసలావిడా ఉన్నాం. సముద్రం బురదరంగులో ఉంది. ఫొటోల్లో చూసిన నీలం ఎక్కడా లేదు. ఒడ్డుకు ఎక్కించి నిలబెట్టిన సబ్‌మెరైన్ ఒక్కటే నల్లగా, పెద్దగా కనిపించింది. గనిలోకి దిగే మనిషిని కదా, దాన్ని చూడగానే లోపల ఊపిరెలా ఆడేదో అన్న ఆలోచనే వచ్చింది.

మురీ మిక్చర్ అంటే మన మరమరాలే. ఉల్లి, టమాటా, నిమ్మరసం, వేయించిన వేరుశనగలు వేసి గిలకొట్టి కాగితం పొట్లంలో ఇస్తారు. మా దగ్గర ఇరవై అయితే ఇక్కడ నలభై.

"ఉల్లిపాయ తక్కువేసినానని తిట్టకండి బాబూ. బజార్లో రేటు సూత్తన్నారు గదా," అంది ముసలావిడ. "పొద్దున్నుంచి మీరే ఫస్టు బేరం. ముసురులో ఎవులొస్తారు?"

గట్టు మీద కూర్చుని తింటున్నాం. బావ తన పొట్లం తెరవనే లేదు.

"బావా, నీకో మాట సెప్పాల."

"చెప్పు."

అతను గొంతు సవరించుకున్నాడు. సముద్రం వైపు చూశాడు. అంతలో వాన జోరందుకుంది. లేచి బస్టాపు షెల్టరు కిందికి పరుగెత్తాం. అక్కడ కాలేజీ పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నేను అడగలేదు. విమల గురించే అయి ఉంటుంది, పదిమందిలో కన్నీళ్లెందుకు అనుకున్నాను.

సీతమ్మధార

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి మేనకోడలు స్వాతి పిలిచింది. విమలకు ఒక్కతే కూతురు. సీతమ్మధారలో ఒక దంతవైద్యుడి క్లినిక్కులో ఉద్యోగం. అల్లుడు ఊళ్లో లేడు. బావ తనకు పోర్టులో స్నేహితుణ్ణి చూసే పనుందని, నన్ను వీధి మొదట్లో దింపి వెళ్లిపోయాడు. కూతురింటికి ఎందుకు రావడం లేదో అర్థం కాలేదు.

స్వాతి ముఖం అచ్చం విమలది. వడ్డించేటప్పుడు గరిటె పట్టుకునే తీరు కూడా అంతే. బెల్లం ఆవకాయ వేసింది. ఊరగాయలో బెల్లమేమిటని మా వాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, ఇక్కడ అది లేకుండా ముద్ద దిగదు. నేను రెండోసారి వేయించుకున్నాను.

చేయి కడుక్కున్నాక అంది, "నాన్న నీకు చెప్పాడా మావయ్యా?"

"ఏమని?"

"చెప్పలేదన్న మాట." కుర్చీ లాక్కుని కూర్చుంది. "భీమిలిలో ఒకావిడ ఉంది. రూతమ్మ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఏడాది అయిపోయాక రిజిస్టర్ పెళ్లి చేసుకుని అక్కడికెళ్లి ఉంటాడంట. ఇల్లు అద్దెకిచ్చేస్తాడంట."

చేయి తుడుచుకుంటున్న తువ్వాలు ఒళ్లో పెట్టుకున్నాను.

"అమ్మ పోయి ఏడాదే మావయ్యా. నువ్వు చెప్తే వింటాడు. అమ్మ తరఫున మాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఎల్లద్దని చెప్పు. నా కోసం చెప్పు."

"చెప్తాలే," అన్నాను. ఆ క్షణంలో చెప్పగలననే అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. నా పూచీ మీద చెల్లెలిని తీసుకెళ్లినవాడు, నిన్న తన ఇంట్లో నాకు ఉప్మా పెట్టినవాడు, ఈ మాట నా మేనకోడలి నోట విననిచ్చాడు.

కొండ మీద

హార్బరు దగ్గర మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఓడలు నడిపేవాళ్లు బయలుదేరేముందు మూడింటికీ మొక్కుతారని చెబుతారు. సాయంత్రం బావ నన్ను చర్చి ఉన్న కొండ ఎక్కించాడు. కింద కాలువ లాంటి దారిలో ఒక ఓడ చాలా నెమ్మదిగా లోపలికి వస్తోంది. దాని ముందూ వెనకా చిన్న పడవలు. దూరంగా రేవులో బొగ్గు కుప్పలు. అంత దూరం వచ్చి బొగ్గు చూశాను.

"స్వాతి చెప్పింది," అన్నాను.

బావ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"డయాలసిస్‌కి విమలని తీసుకెళ్తే నాలుగు గంటలు బయట బెంచీ మీద కూకోవాల. పక్క మంచం రూతమ్మ మొగుడిది. ఆవిడా అదే బెంచీ. ఎన్ని నెలలు కూకున్నామో బావా. ఆవిడ కేరేజీ తెచ్చేది, నాను టీ తెచ్చేవోణ్ణి. ఓపాలి ఆయనకి బీపీ పడిపోతే నాను పట్టుకున్నాను. ఓపాలి విమలకి వాంతులైతే ఆవిడ కడిగింది. ముందు ఆయన పోయినాడు. ఆయన పోయినాక కూడా ఆవిడ విమలని సూడ్డానికి భీమిలి నుంచి బస్సెక్కి వొచ్చేది."

"అప్పటి నుంచేనా?" నా గొంతు నాకే మోటుగా వినిపించింది.

"కాదు!" అని లేచి నిలబడ్డాడు. "నీ మీదొట్టు బావా, కాదు. విమల పోయినాక నాను మనిషితో మాటాడలేదు. స్వాతికి డ్యూటీలు, సంసారం. టీవీ పెట్టుకుని పడుకునీవోణ్ణి. ఆవిడే ఓ రోజు ఫోన్ సేసి, 'తిన్నారేటి?' అనడిగింది. ఆ మాట అడిగినోళ్లు లేరు బావా."

ఓడ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నేను కూడా అడగలేదు ఆ మాట. ఫోన్ చేసినప్పుడల్లా ఆరోగ్యం ఎలా ఉందనే అడిగాను.

"రేపు భీమిలి ఎల్దాం. నువ్వు సూసి సెప్పు. వొద్దంటే మానేత్తాను," అన్నాడు.

భీమిలి

హైవే మీద తగరపువలస దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. తగరపువలస సంతలో కూరగాయల రాశుల మీద పట్టాలు కప్పి ఉన్నాయి. బావ అరటిపళ్లు కొన్నాడు. పెళ్లిచూపులకు వెళుతున్నట్టు అనిపించి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

భీమిలి పాత ఊరు. పెంకుటిళ్లు, లైటుహౌసు, ఎప్పుడో వచ్చిన డచ్చివాళ్ల సమాధులు. పడవలన్నీ ఇసుక మీదికి లాగేసి ఉన్నాయి. నేను సముద్రానికి దణ్ణం పెడదామని నీళ్లకు దగ్గరగా వెళితే ఒక అల వచ్చి ఎడమకాలి చెప్పు లాక్కుపోయింది. వల బాగుచేసుకుంటున్న ఒకాయన తలెత్తి, "రెండోది కూడా వొగ్గీ బాబూ. ఒక్కటితో అదేటి సేసుకుంటది, నువ్వేటి సేసుకుంటావు?" అన్నాడు. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అక్కడే.

రెండోదీ వదిలేసి వట్టి కాళ్లతో రూతమ్మ ఇంటికి వెళ్లాను. సన్నటి మనిషి, జుట్టు పూర్తిగా నెరిసింది. గొంతు మాత్రం బస్సు వెనక సీటు దాకా వినపడే గొంతు. నా కాళ్లు చూసి లోపలికెళ్లి ఒక జత తోలు చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"మా ఆయనియ్యి. ఒల్లననకండి. గాజుపెంకులుంటాయి ఈదిలో."

సరిగ్గా సరిపోయాయి.

గోడకు ఏసుక్రీస్తు పటం, పక్కనే ఆమె భర్త ఫొటో. వేట లేదు కాబట్టి పచ్చి చేప దొరకలేదని, ఎండు నెత్తళ్లు వంకాయతో కలిపి వండింది. మా ఊళ్లో ఎండుచేప వాసనకే తలుపులు వేసుకుంటారు. ఇక్కడ వేలెడంత లేని ఆ చేపల కోసం అన్నం ఇంకొంచెం పెట్టించుకుంటారు. నేనూ పెట్టించుకున్నాను.

"ఇంకొంచెం యేసుకోండి అన్నయ్యా," అంది.

ఏడాదిగా నన్ను అన్న అని పిలిచినవాళ్లు లేరు. బావ నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

భోజనాలయ్యాక అతను కావాలనే వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు. స్వాతి అడగమన్న మాట అడగడానికి నాకు అదే సమయం. ఎలా మొదలుపెట్టాలో వెతుక్కుంటుంటే ఆమే అంది, "మిమ్మల్ని నానెరుగుదును. సైరను మోగిన రోజు సంగతి విమల నాకు సెప్పింది."

నేను తలెత్తి చూశాను.

"గనిలో పైకప్పు కూలిందంట గదా. సైరను మోగితే విమల తలంటు పోసుకుంటా సగంలో లేచి, తడి జుట్టుతో గని కాడికి పరిగెట్టిందంట. పైకొచ్చిన ప్రతీవోడి మొకం సూసిందంట. అందరూ నల్లగా ఉంటే ఎవులు అన్నయ్యో తెలీలేదంట. మీరొచ్చి 'విమలా' అని పిలిస్తే గానీ పోల్చలేదంట. డయాలసిస్ ఎక్కించినప్పుడల్లా సెప్పేది. 'మా అన్న భూమిలోంచి తిరిగొచ్చినాడు, నానూ ఇంటికెల్తాను' అనీది."

అది నిజంగా జరిగింది. నేనూ, విమలా, చనిపోయిన మా అమ్మా తప్ప ఇంత వివరంగా ఎవరికీ తెలియదు. ఆ రోజు దాని వెంట్రుకల్లో ఇంకా కుంకుడు నురుగు ఉంది. విమల ఇంట్లో, దాని మంచం, దాని గిన్నెల మధ్య రెండు రోజులున్నా నాకు నా చెల్లెలు కనబడలేదు. ఈ ముక్కూ ముఖం తెలియని మనిషి వంటింటి గడప దగ్గర కనబడింది. తువ్వాలు ముఖానికి పెట్టుకుని ఏడ్చాను.

ఆమె నన్ను ఏడవనిచ్చింది. తర్వాత అంది, "స్వాతికి ఇష్టం లేదని తెలుసు. ఎక్కినోళ్లని ఎక్కడ దిగుతారని అడగడం నా ఉద్యోగం. ఆయన్నీ అడిగినాను. ఇక్కడేనన్నాడు. కానీ విమల తోడబుట్టినోరు మీరు. వొద్దనీసి ఎల్లండి, నాను రమ్మనను. ఒక్కదాన్నీ వొండుకు తినడం నాకలవాటే."

కిటికీలోంచి బావ వీపు కనిపిస్తోంది. అరుగు మీద వంగి కూర్చుని, వానలో తడుస్తున్న ఒక మేకపిల్లను పైకి లాగుతున్నాడు. భుజాలు ముసలివైపోయాయి.

"వద్దనను," అన్నాను. "బావను చూసుకోండమ్మా."

ఆమె అన్నయ్యా అంది. నేను చెల్లె అనలేకపోయాను.

ఏడాది నాడు

స్వాతి ఇంట్లోనే జరిగింది. మా వైపు ఏడాది అంటే పోయినవాళ్లకు ఇష్టమైన మాంసం, కల్లు అన్నీ పెట్టి, బంధువులంతా తిని, పాత కథలు చెప్పుకుని గట్టిగా ఏడుస్తాం, గట్టిగా నవ్వుతాం. ఇక్కడ అల్లుడి వైపు వాళ్ల పద్ధతి ప్రకారం పప్పు, గారెలు, పరమాన్నం. పంతులు వచ్చాడు, వెళ్లాడు. అందరూ మెల్లగా మాట్లాడుకున్నారు. బావ వచ్చి ఒక మూల కూర్చున్నాడు. స్వాతి తండ్రికి అన్నీ వడ్డించింది, ముఖం మాత్రం చూడలేదు.

చుట్టాలు వెళ్లాక వంటింట్లో నన్ను అడిగింది. "చెప్పావా మావయ్యా?"

"చెప్పలేదు తల్లీ. ఆమెను చూసిన. నాన్నను పోనీ."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మిగిలిన గారెలు డబ్బాలో సర్దుతూ ఉండిపోయింది.

"ఆవిడ మంచిదే మావయ్యా," అంది చివరికి. "నాకు తెలీదేటి? ఆవిడ తెచ్చిన కూర హాస్పిటల్లో నానూ తిన్నాను. చెడ్డదైతే తిట్టి ఊరుకునీదాన్ని. మంచిది కాబట్టే అమ్మని మర్చిపోతారు. నాన్న మర్చిపోతాడు. నీకూ నిన్న కడుపు నిండా పెట్టింది కదా?"

నేను డబ్బా మూత అందించాను.

"ఆ ఇంటికి వేరేవాళ్లొచ్చి, అమ్మ వంటింట్లో వండుకుంటుంటే నాను చూడలేను. ఎల్లమను. నన్ను భీమిలి రమ్మనొద్దు. నువ్వొస్తే మాత్రం ఇక్కడికే రా. అక్కడ దిగి, నాకు ఫోన్ చెయ్యకు."

తలుపు దగ్గర చప్పుడైంది. బావ ఖాళీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. సింకు దగ్గరకొచ్చి గ్లాసు కడిగి బోర్లించి, తుడిచిన చేయి కూతురి తల మీద పెట్టబోయి, పెట్టకుండానే వెళ్లిపోయాడు. స్వాతి వెనక్కి తిరగలేదు.

దువ్వాడ దాకా

బయలుదేరే రోజు లక్ష్మి కోసం మాడుగుల హల్వా కొన్నాను. బావ స్టేషనుకు వచ్చి, సంచి బెర్తు కింద పెట్టి, నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఒక నడివయసు ఆవిడ.

"స్వాతి ఇంకేటైనా అందా?"

"విన్నవు కద."

"ఎప్పటికీ రాదంటావా?"

"ఎప్పటికీ అనలేదు. రానన్నది."

రైలు కదిలింది. దిగమని భుజం తట్టాను. అతను దిగలేదు. కిటికీ ఊచ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇళ్ల వెనక గోడలు, రైలు కట్ట పక్కన నీళ్లు నిలిచిన గుంటలు, తడి అరటితోటలు వెనక్కి వెళుతున్నాయి. దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల పొగ మబ్బులో కలిసిపోయి, ఏది ఏదో తెలియడం లేదు.

"నాను తప్పు సేత్తన్నానేటి బావ?"

"తప్పని నేననలేదు."

"మరి మాటాడవేటి?"

"ఏం మాట్లాడమంటవు బావా. దుఃఖమొస్తున్నది."

అతను నా చేయి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. పెళ్లికాని రోజుల్లో కూడా మేమలా కూర్చోలేదు. దువ్వాడలో రైలు ఆగాక చేయి వదిలాడు. దిగి, కిటికీ దగ్గరకొచ్చి, "ఎల్లగానే ఫోన్ సెయ్," అన్నాడు. రైలు కదిలాక కొంతదూరం పక్కనే నడిచాడు. తర్వాత ప్లాట్‌ఫారం అయిపోయింది.

ఎదుటావిడ అంతసేపూ మమ్మల్నే చూస్తున్నట్టుంది. "మీకేటవుతారండి ఆయన?" అని అడిగింది.

"మా చెల్లెలి భర్త," అన్నాను.

"మీ చెల్లి రాలేదేటి, మిమ్మల్ని ఎక్కించడానికి?"

"రాలేదమ్మా," అన్నాను.